టెక్ సందేహాలు: బిందె నిండలేదని బెల్లం పోస్తారా?

ప్రశ్న: మా పండ్లరసాల ప్లాంటులో 60 బ్రిక్స్ (బ్రిక్స్ అంటే బరువులో చక్కెర శాతం) చక్కెర సిరప్‌కు నీళ్లు కలిపి, గంటకు 1000 కిలోల 12 బ్రిక్స్ పానీయం తీస్తాం. మొత్తం ఫ్లోను సిరప్ వాల్వ్, బ్రిక్స్‌ను నీటి వాల్వ్ చూసుకుంటాయి. ఒక్కో లూపు (కొలత చూసి వాల్వ్‌ను తిప్పే ఏర్పాటు) విడిగా బాగానే ఉంటుంది. రెండూ ఆటోలో పెడితే ఊగిపోతాయి. ట్యూనింగ్‌కు (లూపుల సర్దుబాటుకు) వచ్చినవాళ్లు కంప్యూటర్‌లో రిమోట్ యాప్ పెట్టి, ఎప్పుడూ ఆన్‌లో ఉంచమన్నారు. ఆటోట్యూన్ ఉన్న కొత్త కంట్రోలర్ కొనమన్నారు. కొనాలా?
– ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, చిత్తూరు జిల్లా

జవాబు: వద్దు. ఈ గోడు ఇంతకుముందూ విన్నాను, ప్రతిసారీ కొత్త పెట్టె కొనమనే సలహాతోనే వస్తుంది.

శ్రీరామనవమికి పానకం కలిపేవాళ్లు బిందె నిండలేదని బెల్లం గుమ్మరించరు. నిండడానికి నీళ్లు, తీపికి బెల్లం. ఏ కొలతకు ఏ వాల్వ్ అని మీరు కలిపిన జతలు తలకిందులుగా ఉన్నాయి. ఫ్లో 900కి పడిందనుకోండి: సిరప్ 180, నీళ్లు 720. లోటు 100 కిలోలనూ ఫ్లో లూపు సిరప్‌తోనే పూడుస్తుంది. సిరప్ 280 అయి, తీపి 16.8కి ఎక్కుతుంది. బ్రిక్స్ లూపు కంగారుపడి నీటిని 1120కి పెంచుతుంది. మొత్తం 1400! ఇక సిరప్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటుంది. జతలు మార్చి (ఫ్లోకు నీళ్లు, బ్రిక్స్‌కు సిరప్) ఇదే లెక్క వేయండి: నీళ్లు 820, సిరప్ 205, నీళ్లు 795, సిరప్ 199. ఊగుడు దానంతటదే చల్లబడుతుంది.

లూపులు ఒకదాన్నొకటి ఎంత కదిలిస్తాయో కొలవడానికి కంట్రోల్ ఇంజినీరు ఎడ్గార్ బ్రిస్టల్ 1966లోనే రిలేటివ్ గెయిన్ అనే లెక్క ఇచ్చాడు. మీకైతే 12ను 60తో భాగిస్తే చాలు. ఫ్లో, సిరప్ జతకు 0.2, ఫ్లో, నీటి జతకు 0.8. 1కి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 0.2 అంటే, రెండో లూపు గట్టిగా పనిచేస్తుంటే మొదటిదాని గెయిన్ (వాల్వ్ కదిలితే కొలత ఎంత మారుతుందన్నది) ఐదు రెట్లయినట్టే. విడిగా చేసిన ట్యూనింగ్ అక్కడే బెడిసికొడుతుంది. జతలు మార్చినప్పుడు బ్రిక్స్ లూపు యాక్షన్‌ను డైరెక్ట్ (కొలత పెరిగితే వాల్వ్ తెరిచేది) నుంచి రివర్స్‌కు (పెరిగితే మూసేది) తిప్పడం మరవకండి. మరిచారో, తీపి ఎక్కువైనకొద్దీ ఇంకా సిరప్ పోస్తుంది. అదే లైనులో 40 బ్రిక్స్ షర్బత్ తీస్తే మాత్రం పాత జతే సరైనది. 30 దగ్గర ఏ జతా కుదరదు. నీటి ఫ్లోకు నిష్పత్తిగా సిరప్ పోయించి, ఆ నిష్పత్తిని బ్రిక్స్ మీటరుతో సవరించాలి.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రిమోట్ యాప్. ఇలాంటి ప్లాంట్లలో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి విరివిగా వాడే పద్ధతి మోడ్‌బస్ 1979 నాటిది. ఆదేశం ఎవరిచ్చారని అది అడగదు, వాల్వ్ తెరవమంటే తెరుస్తుంది. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విప్పా పట్టణ నీటి సంస్థ కంట్రోలర్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఆ రకం యంత్రాల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 1111. అక్కడి సిబ్బంది మాన్యువల్‌కు మారి గట్టెక్కారు. పాస్‌వర్డ్ మార్చనిదే స్టార్ట్ కాని యంత్రం చేయడం అంత కష్టమా? స్క్రీన్ మీద తళతళలాడే గ్రాఫులకు ఉన్న శ్రద్ధ దీనికి ఉండదు. పైగా ‘సౌకర్యం’ అంటారు.

జతల సంగతి రేపు చూడవచ్చు. ఆ యాప్‌ను ఈ రోజే తీసేయండి.