వడ్డీ 11, రాబడి 12 అయితే లాభమేనా?

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 30 లక్షల సార్టెక్స్ మెషిన్ (రంగు మారిన బియ్యాన్ని ఏరేసేది) పూర్తిగా బ్యాంకు లోన్‌తో కొనాలనుకుంటున్నాను. వడ్డీ 11 శాతం, ట్యాక్స్ పోను రాబడి 12 శాతం. మా సొంత డబ్బు ఇదివరకు బయట నూటికి రూపాయిన్నర వడ్డీకి తిరిగేది. ఇవాళ మిల్లు అమ్మి అప్పులన్నీ తీర్చినా కోటీ 20 లక్షలు చేతికొస్తాయి. తీసుకోవచ్చా?

జవాబు: ఇంకా సంతకం పెట్టకండి. మెషిన్‌కి డబ్బంతా బ్యాంకుదే అనుకుంటున్నారు కానీ, ఆ బ్యాంకు మీకు లోన్ ఇస్తున్నది మెషిన్ ఒక్కదాన్నే చూసి కాదు, దాని వెనక మిల్లులో ఉన్న మీ సొంత డబ్బును కూడా చూసి, కాబట్టి ఆ డబ్బుకీ కూలి, అంటే దానికి రావాల్సిన రాబడి, లెక్క కట్టాలి. రెండు రకాల డబ్బు ఖర్చునీ వాటి వాటాల ప్రకారం కలిపితే వచ్చేదే వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్. మెషిన్ రాబడిని పోల్చాల్సింది దానితో.

ముందు అప్పు సంగతి. వడ్డీని ఖర్చుగా చూపిస్తారు కాబట్టి ట్యాక్స్ తగ్గుతుంది. మీ కంపెనీ 22 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్ స్కీములో ఉంటే సర్‌చార్జి, సెస్ కలిపి 25.17 శాతం, అంటే 11 శాతం వడ్డీ మీకు నిజంగా పడేది 8.23 శాతమే. లాభం ఉన్న ఏడాదే ఈ వెసులుబాటు.

సొంత డబ్బుకి ఎంత? లిస్టెడ్ కంపెనీకైతే బీటాతో (మార్కెట్‌తో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో చెప్పే అంకె) లెక్క కడతారు, మీకది లేదు. మీ డబ్బు బయట నూటికి రూపాయిన్నర వడ్డీకి తిరిగేదని మీరే రాశారు. ఏడాదికి 18 శాతం, నేను అదే తీసుకుంటాను, నిజానికి మిల్లు రిస్క్‌కి అది ఎక్కువేమీ కాదు.

ఇక చాలామంది తప్పు చేసేది వాటాల దగ్గరే. కొత్త లోన్, సీసీ (రోజువారీ అవసరాలకి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) కలిపి మీ అప్పు 80 లక్షలు. బ్యాలెన్స్ షీట్‌లో మీ వాటా 40 లక్షలే, ఎందుకంటే స్థలం ఎప్పుడో కొన్న ధరకే అందులో ఉంది. ఆ అంకెతో చేస్తే 11.5 శాతం వస్తుంది, మెషిన్ బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇవాళ మిల్లు అమ్మి అప్పులన్నీ తీర్చినా మీ చేతికి కోటీ 20 లక్షలు వస్తాయన్నారు కదా, లెక్కలోకి రావాల్సింది అది. అప్పుడు సొంతం 60 పాళ్లు, అప్పు 40 పాళ్లు: 10.8కి 3.3 కలిపితే 14.1 శాతం.

30 లక్షల మీద ఏటా 4 లక్షల 23 వేలు రావాలి, మీకొచ్చేది 3 లక్షల 60 వేలు. 63 వేలు తక్కువ. కాబట్టి ఈ ధరకి వద్దనే అంటాను. సీజన్‌లో మెషిన్ ఎన్ని రోజులు నడుస్తుందో, క్వింటాల్‌కి రేటు ఎంత పెరుగుతుందో మీ పాత బిల్లులు పెట్టుకుని ఇంకోసారి చూడండి, రాబడి 14.1 శాతం దాటితే ధైర్యంగా తీసుకోండి.