ఎవరమ్మా ఆ ‘నిపుణులు’?

చిరంజీవికి ఆశీస్సులు.

ఒక కంపెనీ షేరును మెచ్చుకుంటూ నువ్వు రాసిన వ్యాసం రాత్రి చదివాను. వాక్యం సాఫీగా నడుస్తుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ ‘నిపుణులు భావిస్తున్నారు’ అన్నది ఏడోసారి కనబడేసరికి ఎర్రకలం తీశాను. ఎవరమ్మా ఆ నిపుణులు? నువ్వు పేర్లు రాసిన ఇద్దరూ ఆ షేరు కొనమని ఖాతాదారులకు సిఫారసు చేసిన బ్రోకరేజీల వాళ్లే. పెళ్లికూతురి గుణగణాలను పెళ్లిళ్ల పేరయ్యను అడిగి రాసినట్టుంది. మూడేళ్లలో షేరు నాలుగింతలైందన్నావు. ఆ మూడేళ్లలో కంపెనీ చేతికి ఎంత నగదు వచ్చిందో వెతికితే ఎక్కడా దొరకలేదు.

వార్షిక నివేదికను వెనక నుంచి చదవాలన్నది నా మొండిపట్టు. ముందు పేజీల్లో ఛైర్మన్ లేఖ, రంగుల బొమ్మలు ఉంటాయి. సొంతవాళ్ల సంస్థలతో జరిపిన లావాదేవీలు, ఇంకా తేలని కోర్టు కేసులు చివర చిన్న అక్షరాల్లో ఉంటాయి. సరుకు అప్పుగా పంపినా అమ్మకం కిందే రాసుకోవచ్చు కనుక, లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు తగ్గుతూ, వసూలు కాని బకాయిలు అమ్మకాలకన్నా వేగంగా ఉబ్బుతుంటే, నీ వ్యాసం మొదలుకావలసింది అక్కడే.

ఇంధన వ్యాపారం చేసిన ఎన్‌రాన్‌ను వరసగా ఆరేళ్లు అమెరికాలో అత్యంత వినూత్నమైన కంపెనీగా ఎంచిన ఫార్చ్యూన్ పత్రికలోనే, 2001 మార్చిలో విలేకరి బెథనీ మెక్‌లీన్ ఈ కంపెనీకి డబ్బు అసలు ఎలా వస్తోందని అడిగింది. అదేమీ అపూర్వ పరిశోధన కాదు, పసిపిల్లలు అడిగే ప్రశ్న. ఆ డిసెంబరులోనే కంపెనీ దివాలా తీసింది.

నేనూ ఒకప్పుడు ఒక కంపెనీ బకాయిల గురించి ఒక పేరా రాశాను. మా సంపాదకుడు దాన్ని కొట్టేసి, ఆ జాగాలో యజమాని ఫొటోను రెండు కాలమ్‌లకు పెంచాడు. పండుగపూట అపశకునం ఎందుకన్నాడు. ఆ షేరు కుప్పకూలిన రోజున ‘మేం ముందే హెచ్చరించాం’ అని సంపాదకీయం రాసినవాడూ ఆయనే! నేను మాత్రం అప్పుడు నోరెత్తలేదు, జీతం అవసరం.

అడిగినవాళ్ల మీదికే కేసులు రావచ్చు. జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ లెక్కలను ప్రశ్నించిన ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక విలేకరుల మీద 2019లో ఆ దేశపు ఆర్థిక నియంత్రణ సంస్థే క్రిమినల్ ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడాది జూన్‌లో, ఖాతాల్లో ఉందన్న 190 కోట్ల యూరోలు బహుశా ఎప్పుడూ లేనేలేవని కంపెనీయే ఒప్పుకుంది. అందుకే రాసే ప్రతి అంకెకూ కాగితం దగ్గరుంచుకో.

శైలి గురించీ, పుస్తకం వేయడం గురించీ అడిగావు, వాటి జోలికి ఇప్పుడు పోను. ఐదేళ్ల నగదు ప్రవాహ పట్టిక, అంటే కంపెనీ చేతికి వచ్చిన, పోయిన నగదు లెక్క, పక్కన పెట్టుకుని రెండో పేరా తిరగరాసి పంపు. ఆ షేర్లు నీ దగ్గర ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయి.