ఒక గ్లాసు కందిపప్పుతో రెండు పూటలు: నెలాఖరు వంట

బెంగళూరులో నలుగురున్న ఇల్లు, నెలాఖరుకు కూరగాయల బుట్ట ఖాళీ, ఇంట్లో ఉన్నవి కందిపప్పు, బియ్యం, చింతపండు, బొరుగులు (మరమరాలు), కాస్త సెనగపిండి. వీటితో వారం ఎలా నెట్టాలని అడిగారు. పైగా ఎన్ని విజిల్స్ పెట్టినా పప్పు మెదగడం లేదన్నారు. ముందు ఆ సంగతే తేల్చుకోవాలి, అది కుదరకపోతే కింద చెప్పేవాటిలో సగం కుదరవు.

ఈ ఊళ్లో పప్పు ఉడకకపోతే మొదట అనుమానించాల్సింది నీళ్లని. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లలో సున్నం ఎక్కువ, అది గింజను మెత్తబడనివ్వదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతోందంటే మీ ఇంట్లోనూ అదే కథ. పప్పు నానబెట్టడానికి, ఉడికించడానికి మాత్రం తాగే క్యాన్ నీళ్లు వాడండి, కడగడానికి కుళాయి నీళ్లు చాలు. చిటికెడు వంటసోడా వేస్తే ఎలాంటి నీళ్లలోనైనా ఉడుకుతుంది గానీ, చిటికెడు దాటితే సబ్బు వాసన కొడుతుంది. రెండో అనుమానం పులుపు మీద. చింతపండు, టమాటా, చుక్కకూర పప్పుతోపాటే కుక్కర్‌లో పడితే, పాత పప్పయితే మరీను, పలుకు పలుకుగానే ఉండిపోతుంది. పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకే. ఇంకో మాట, బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడికిద్దామనుకుంటే గ్యాస్ తగలేసుకోవడమే.

ఇక అసలు పద్ధతి. 200 మి.లీ. గ్లాసుతో ఒక గ్లాసు కందిపప్పు కడిగి, వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. కుక్కర్‌లో ఆ పప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు, పావు స్పూను పసుపు, ఒక స్పూను నూనె వేయండి. నూనె నురగని అణుస్తుంది, విజిల్ సందులోంచి పసుపు నీళ్లు చిమ్మవు. కుక్కర్ సగానికి మించి నిండకూడదు. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత సిమ్‌లో పది నిమిషాలు, ఆపేసి ఆవిరి దానంతటదే పోయేదాకా వదిలేయండి. ఆవిరి పోయే ఆ కాసేపూ గ్యాస్ లేకుండా ఉడుకుతున్నట్టే. విజిల్స్ లెక్కపెట్టడం కన్నా సిమ్‌లో నిమిషాలు చూసుకోవడమే నమ్మకం, ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది. మూత తీశాక ఒక పలుకు రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. మధ్యలో తెల్లటి చుక్క తగిలితే ఇంకో ఐదు నిమిషాలు పెట్టాల్సిందే.

ఉడికిన పప్పుని వెంటనే గరిటెతో కలపొద్దు. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే ముద్ద అడుగుకి దిగి, పైన కట్టు తేలుతుంది. దాన్ని రెండు గ్లాసులు వంచి తీసుకోండి. ఈ కట్టు ఇవాళ్టి చారు, అడుగున ఉన్నది రేపటి పప్పు. చాలామంది మొత్తం కలిపి పప్పు చేసేసి, చారుకి మళ్లీ ఇంకో గుప్పెడు పప్పు ఉడికిస్తారు. డబ్బు పోయేది అక్కడే.

చారుకి చిన్న నిమ్మకాయంత చింతపండు ఒక గ్లాసు వేడినీళ్లలో నానబెట్టి పిండండి. దానికి ఇంకో రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి రెండు, కరివేపాకు వేసి, పచ్చి వాసన పోయేదాకా ఎనిమిది పది నిమిషాలు మరగనివ్వండి. అప్పుడు కట్టు పోసి, రెండు స్పూన్ల చారుపొడి వేయండి. గిన్నె అంచు చుట్టూ నురగ కట్టి పైకి లేవబోతుండగానే ఆపేయాలి. అక్కడి నుంచి తెర్లిందంటే మిరియాల ఘాటు, జీలకర్ర వాసన రెండూ గాల్లో కలుస్తాయి. పొడి కొననక్కర్లేదు. నాలుగు స్పూన్ల ధనియాలు, స్పూను మిరియాలు, స్పూను కందిపప్పు వేయించి, రెండు స్పూన్ల జీలకర్ర పచ్చిదే కలిపి కొడితే మూడుసార్లకి వస్తుంది. కట్టు పోశాక పులుపు, ఉప్పు రెండూ తగ్గినట్టుంటాయి, అందుకే రుచి కట్టు పోశాకే చూడాలి. పులుపు ఎక్కువైతే నీళ్లు పోయకండి, గోలీ అంత బెల్లం చాలు.

రేపటి పప్పుకి ఏ ఆకుకూర చవగ్గా దొరికితే అది. ఇక్కడ సొప్పు అంటే ఆకుకూర, దంటు సొప్పంటే మన తోటకూరే. కట్ట తరిగి, నీళ్లు పోయకుండా మూతపెట్టి మగ్గించి, మెదిపిన పప్పులో కలిపి వెల్లుల్లి పోపు పెట్టండి. పక్కింటి కన్నడం వాళ్ల బస్సారు కూడా ఇదే కిటుకు. ఆకుకూరా పప్పూ కలిపి ఉడికించి నీళ్లు వంచేస్తారు. ఆ నీళ్లకి వేయించిన ఉల్లిపాయ, కొబ్బరి, కాస్త ఉడికిన పప్పు రుబ్బి కలిపితే సారు, వంచగా మిగిలినదానికి పోపు పెడితే పల్య, అంటే పొడి కూర. రాగిముద్దలోకి ఇంతకన్నా చవకైనది నాకు కనపడలేదు.

రాత్రికి బొరుగులు తడిపి పోపులో కలిపే ఉగ్గాని. నలుగురికి పావు కిలో బొరుగులు. ఇక్కడి కొట్లో పురి అని అడగాలి, పుట్నాలపప్పుకి హురిగడలె అనాలి. ఉత్తినే కడలె బేళె అన్నారంటే పచ్చి సెనగపప్పు పొట్లం చేతిలో పెడతారు. ఒక బొరుగు నోట్లో వేసుకుని చూడండి, కొన్నిటికి ఉప్పు ముందే పట్టి ఉంటుంది. ఉల్లిపాయలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, టమాటా ఒకటి, పసుపుతో పోపులో మగ్గించి సిద్ధంగా ఉంచుకున్నాకే బొరుగులు తడపాలి. ఒక్కో గుప్పెడు నీళ్లలో ముంచి, పది లెక్కపెట్టేలోపు గట్టిగా పిండి బాణలిలో వేయండి. అన్నీ ఒకేసారి బేసిన్‌లో పోస్తే మొదటివి పిండేలోపు చివరివి గంజి అయిపోతాయి. నాలుగు స్పూన్ల పుట్నాలు, రెండు స్పూన్ల ఎండుకొబ్బరి, మూడు వెల్లుల్లి రెబ్బలు, కారం కలిపి కొట్టిన పొడిని స్టవ్ ఆపాకే చల్లాలి, మంట మీద చల్లితే అంటుకుపోయి ముద్దవుతుంది. పక్కన మిరపకాయ బజ్జీ లేనిది ఉగ్గానే కాదంటారు కర్నూలు, అనంతపురం వాళ్లు. నెలాఖరులో ఆ మాట పట్టించుకోకండి.

సెనగపిండి మజ్జిగపులుసుకి ఉంచుకోండి. పులిసిన పెరుగు ఒక గ్లాసు, నీళ్లు రెండు గ్లాసులు, సెనగపిండి రెండు స్పూన్లు ఉండలు లేకుండా చిలికి, చిన్న మంట మీద కలుపుతూనే పొంగు రానివ్వాలి. పిండి తక్కువైనా, మంట పెద్దదైనా విరిగిపోతుంది. ఉప్పు దింపాక వేయండి. ముక్కలకి సీమ వంకాయ బాగుంటుంది. మనవాళ్లు బెంగళూరు వంకాయ అని పిలిచే ఆ కాయని బెంగళూరులో ఆ పేరుతో అడిగితే కొట్టువాడు వంకాయలే తూస్తాడు, సీమె బదనెకాయి అనాలి.

రేపటికి ఉంచిన పప్పు ముద్దకి ఉప్పు, పోపు ఏమీ వేయకుండా, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు గట్టిగా బిగుసుకుని ఉంటుంది. అర గ్లాసు మరిగే నీళ్లు పోసి మెదిపి, వేడయ్యాకే ఉప్పు చూసుకోండి.