కేబుల్ పనిలో జీతం ఎక్కడ పెరుగుతుంది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు దగ్గర నెట్‌వర్క్ కేబులింగ్ పనికి పిలుపు వచ్చిందనీ, నెల జీతానికి ఒప్పుకోవాలా, పాయింటుకు, అంటే బిగించే ఒక్కో సాకెట్టుకు, ఇంత అని మాట్లాడుకోవాలా అనీ అడిగావు. మొదటి రెండేళ్లు నెల జీతానికే చేరు. పాయింటు లెక్కన చేతికి ఎక్కువే వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, ఫాల్స్ సీలింగ్ పని ఆగినా, కేబుల్ నడిపే ట్రంకింగ్ గొట్టాలు సిద్ధం కాకపోయినా ఆ రోజుల కూలి పోయేది నీకే. పైగా పాయింట్లు పెంచుకునే తొందరలో పని నేర్చుకునే తీరిక దొరకదు.

ఈ వృత్తిలో ఏళ్లు గడిచినంత మాత్రాన జీతం పెరగదు. పదేళ్లుగా కేబుల్ లాగుతూ అక్కడే ఉండిపోయినవారిని ఎందరినో చూశాను. అదే సైటులో కేబుల్ సరిగా ఉందో లేదో చూసే టెస్టర్ పట్టినవారికీ, వెలుగుతో డేటా పంపే గాజు పోగు, అంటే ఫైబర్, అతికేవారికీ ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే కాంట్రాక్టరు బిల్లు పాసయ్యేది టెస్ట్ రిపోర్టు మీదనే. అందువల్ల సాయంత్రం అందరూ సామాను సర్దుకుంటున్నప్పుడు నువ్వు టెస్టర్ పక్కన నిలబడు. ఫెయిల్ అని వచ్చినప్పుడు కారణం వెతకడం నేర్చుకో: కేబుల్ చివర తీగ జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పారా, గోడలోని లైను 90 మీటర్లు దాటిందా, కట్టలను టైలతో బిగించి నలిపారా అన్నది చూడు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను క్యాట్6 అనే అసలు రాగి కేబుల్ అని చెప్పి తెచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టి చెప్పగలగాలి. కెమెరాలకు అదే తీగలో కరెంటు పంపే చోట అది వేడెక్కుతుంది. లేబుళ్లు, డ్రాయింగులు శుభ్రంగా రాసేవాడిని ఏ సూపర్‌వైజరూ వదులుకోడు.

ఆ తరువాత ఫైబర్ వైపు వెళ్లు. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే భాగం సుమారు 9 మైక్రాన్లే కనుక, ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మిషన్ ఎంత మంచిదైనా తుడవడంలో, కోయడంలో చేతి శుభ్రతే అతుకును నిలబెడుతుంది. వెలుగు నడుస్తున్న ఫైబర్‌లోకి ఎన్నడూ కన్ను పెట్టి చూడకు, ఆ వెలుగు కంటికి కనిపించకుండానే చూపును దెబ్బతీయగలదు. హైదరాబాదులో 2022లో అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు మొదలయ్యాయి, విశాఖలో గూగుల్ పెద్ద డేటా సెంటరు ప్రకటించింది. ఇటువంటి చోట్ల ఫైబర్‌లో లోపం ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ పరికరం గ్రాఫు చదవగలిగినవారి అవసరం ఉంటుంది. టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వారి ఫైబర్ స్ప్లైసర్ సర్టిఫికెట్ ముందు తీసుకుని, అనుభవం వచ్చాక కేబులింగ్ వృత్తికి పరీక్షలు పెట్టే అంతర్జాతీయ సంస్థ బిక్సీ (BICSI) వారి ఇన్‌స్టాలర్, టెక్నీషియన్ పరీక్షలకు కూర్చో.

నా విషయం ఒకటి చెప్పాలి. నా తొలి కాంట్రాక్టరు మూడేళ్లు నా జీతంలో పీఎఫ్ కోసి, ఖాతాలో ఒక్క రూపాయి కూడా కట్టలేదు. ఆ డబ్బు నాకు తిరిగి రాలేదు. నువ్వు మొదటి నెలలోనే నీ పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకో. జీతం 21,000 రూపాయల లోపయితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, కూడా అడుగు. నీ వాటా 0.75 శాతమే, నిచ్చెనల మీద చేసే పనికి అది తప్పనిసరి అండ.

గల్ఫ్ మాట ఇప్పుడే వద్దు. వెళ్లే రోజు వస్తే, ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లాలి.

చేరేముందు నియామక పత్రం ఫొటో తీసి పంపు. జీతం, పీఎఫ్, ఓవర్‌టైం అందులో ఎలా రాశారో చదివి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య