భామ వేషం కడుతున్నావట

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల విజయవాడలో కూచిపూడి భామాకలాపంలో నువ్వు సత్యభామ వేషం కడుతున్నావని చెప్పింది. చెప్పి కాసేపు ఊరుకుంది. నాకూ వెంటనే మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక అమ్మమ్మ ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడ లేచి, అటక మీది పెట్టె దించమంది. ఆ పెట్టె తెరిచి నలభై ఏళ్ళు దాటింది. మూత తియ్యగానే పాత పట్టు వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చాయి. ఇద్దరం నేల మీదే కూర్చుండిపోయాం.

సంతోషంగా ఉంది నాన్నా. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని, ఆ కలాపం రాసిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. నువ్వు ఇంజనీరింగ్ చదువుకుంటూ కూడా ఆ మాట నిలబెడుతున్నావు. అయితే మీ అమ్మ చెప్పిన ఇంకో సంగతికి నాకు నిద్ర పట్టలేదు. నలభై నిమిషాల్లో అయిపోవాలని ముక్కర ఘట్టం తీసేస్తున్నారటగా? అందుకే తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ఆ రోజు మధ్యాహ్నం పెరుగన్నం తిను, ఇంకేమీ వద్దు. గజ్జెల తాళ్ళు కొత్తవి వేయించుకో. మేకప్‌కి మూడు గంటల ముందే కూర్చో. వడ్డాణం ఊపిరి వదిలాక కాదు, పీల్చి నిలిపాక బిగించుకో. సవరానికి పిన్నుల్ని నమ్ముకోకు, దారంతో కుట్టించుకో.

మగవాడు ఆడవేషంలో కనబడితే ఇప్పటి జనానికి ముందు నవ్వొస్తుంది. సినిమాల్లో అలా చూపించి చూపించి అలవాటు చేశారు. నువ్వు ఒక్క అడుగు ఎక్కువ ఊగినా, ఒక్క చూపు ఎక్కువ తిప్పినా హాల్లో ఎక్కడో ఒకడు కిసుక్కుమంటాడు. ఇక అది ఆగదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామని నేను తెల్లవార్లూ కూర్చుని చూశాను. చింతా కృష్ణమూర్తిగారు పక్కన భామ చెలికత్తె మాధవిగా ఉండేవారు. శర్మగారికి 1961లోనే సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన వేషంలో ఉన్నంతసేపూ నవ్వాలని ఎవరికీ తోచేది కాదు. ఎదురుగా ఉన్నది మగవాడన్న సంగతే గుర్తుకు వచ్చేది కాదు. ఆడదాన్ని చూపించాలని చూడకు బుజ్జీ, సత్యభామని చూపించు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

జడ సంగతి. రెడీమేడ్ జడ ఒకటి అద్దెకి తెస్తున్నావట, ప్లాస్టిక్ బిళ్ళలది. బరువుండదని నీకు నచ్చిందట. ఆ బరువే నీకు కావాలిరా! మా రోజుల్లో నగలు తేలిక కర్రతో చేసి పైన బంగారు రేకు అంటించేవారు. ఒక్కొక్కటీ తేలికే. అన్నీ కలిపి తలకి కట్టాక మాత్రం మెడ దానంతట అదే నిటారుగా నిలబడేది. ఏ మాత్రం వంగినా నొప్పి. భామ గర్వం నాకు మొదట మెడలోంచే తెలిసింది. మనసుకి ఎక్కింది ఆ తర్వాత.

తెర పట్టాక మిగతా పాత్రలకి మొహం ముందు కనబడుతుంది. భామకి జడ ముందు కనబడుతుంది. ఇంకా ఆమె ఎవరో తెలియదు, తెర వెనక పాదాల గజ్జెలు మాత్రం మోగుతూ ఉంటాయి, తెర మీదుగా జడ వచ్చి ఇవతల పడుతుంది. మా చిన్నప్పుడు ఆ క్షణంలో కాగడాల మీద గుగ్గిలం చల్లేవారు, భగ్గుమని వెలుగు లేచేది. పూర్వం ఆ జడ వేయడం సభలో ఉన్న పండితులకి సవాలని పెద్దలు చెప్పేవారు. విద్యలో నన్ను గెలిచినవాళ్ళుంటే ఈ జడ కోసి ఇస్తానని దాని అర్థం. సూర్యుడు, చంద్రుడు, నాగరం, కింద కుప్పెలు, ఇలా ఒక్కో బిళ్ళకీ ఒక్కో అర్థం చెబుతారు. సృష్టి అంతా ఆ జడలో ఉందంటారు. అవన్నీ నేర్చుకో, ఎవరైనా అడిగితే చెప్పచ్చు. నీ అభినయానికి పనికొచ్చే సంగతి మాత్రం వేరే ఉంది.

ఆ నగలు ఎక్కడివో తెలుసా? ఆవిడ సత్రాజిత్తు కూతురు. రోజుకి ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే శమంతకమణి ఉన్న ఇల్లు అది. ఆ మణి కనబడకపోతే కృష్ణుడే కాజేశాడని వాళ్ళ నాన్న నింద వేశాడు. నిజం తెలిశాక సిగ్గుపడి, మణినీ కూతుర్నీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన పిల్లని చేసుకుని మణిని తిరిగి ఇచ్చేశాడు. బంగారం మధ్యలో పెరిగిన పిల్ల, బంగారం అక్కర్లేదన్న మొగుడు. అలాంటి మొగుడితో అద్దం ముందు నిలబడి మనిద్దరిలో ఎవరు అందమని అడిగింది. కలాపంలో ఆయన అలిగి వెళ్ళిపోయేది ఆ మాట మీదే. వడ్డాణం పెట్టుకునేటప్పుడు, కాసులపేరు వేసుకునేటప్పుడు ఈ కథ ఒకసారి మనసులో తిప్పుకో.

ఇంకొకటి గమనించు. సత్యభామ మనసు ఎలా ఉందో కవులు ఆవిడ ఒంటి మీది నగల్లోనే చెప్పారు. పోతనగారి భాగవతంలో నరకుడి మీద యుద్ధానికి లేచేటప్పుడు ఆవిడ ముందు జడని ముడి చుట్టుకుంటుంది, పైట బిగించుకుంటుంది. నగలు మాత్రం తియ్యదు, అవి ఒంటి మీద ఉండగానే విల్లు పడుతుంది. నంది తిమ్మనగారి పారిజాతాపహరణంలో కోపగృహానికి వెళ్ళినప్పుడు మాసిన చీర కట్టుకుని, నగలన్నీ తీసి పారేస్తుంది. అదే మనిషి, అదే మొగుడు. కోపం వస్తే తీసేసింది, వీరం వస్తే ఉంచుకుంది. మరి మన కలాపంలో? కోపంతో తియ్యదు, తనంతట తను తియ్యదు. ఇంకొకరు అడిగితే ఇస్తుంది. అదే ముక్కర. మీరు టైము చాలదని తీసేస్తున్న ఘట్టం.

దీని గురించి నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1971లో శివరాత్రి జాగారానికి దివిసీమలో ఒక పల్లెకి మా మేళం వెళ్ళింది. అప్పటికి నాకు ఇరవై దాటలేదు, భామ కట్టడం అది మూడోసారి. నా మొహం బాగుందని అందరూ అంటుండేవారు, నాకూ ఆ సంగతి తెలుసు. ముక్కు కుట్టించుకోలేదు కాబట్టి నాది నొక్కుడు ముక్కర. చెమటకి జారిపోతుందని దాని లోపల మైనం పెట్టించి గట్టిగా నొక్కించుకున్నాను. మా గురువుగారి పద్ధతి ప్రకారం ఆ ఘట్టంలో ముక్కర నిజంగా తీసి మాధవి చేతిలో పెట్టాలి. నాలుగుసార్లు చెప్పారాయన. మైనం పెట్టించుకున్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

రాత్రి రెండు దాటాక ఆ ఘట్టం వచ్చింది. కృష్ణుణ్ణి తీసుకురావడానికి వెళ్ళాలంటే నాకేమిస్తావని మాధవి అడుగుతుంది. భామ హారం ఇస్తానంటుంది, వంకీలు ఇస్తానంటుంది. అవేవీ వద్దు, ముక్కరే కావాలంటుంది మాధవి. చెయ్యి ముక్కు దాకా తీసుకెళ్ళాను. లాగితే మేకప్ చెరుగుతుంది, ముక్కు ఎర్రబడుతుంది, మిగతా ఆటంతా ఆ మొహంతో ఆడాలి. నా అందం గురించి నాకు భయమేసింది. తీసినట్టు అభినయించి, ఖాళీ గుప్పిట తీసుకెళ్ళి మాధవి చేతిలో పెట్టాను. పెట్రోమాక్స్ వెలుగులో ముక్కర నా ముక్కుకే మెరుస్తూ ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. చప్పట్లు కూడా కొట్టారు. గురువుగారు నావైపు ఒకసారి చూసి తాళం అందుకున్నారు.

పొద్దున్న మాకు బస ఇచ్చిన ఇంట్లో ఒక ముసలావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తెల్ల పంచె తల మీద నుంచి కప్పుకుని ఉంది. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి, "ముక్కర నీ దగ్గరే ఉంచేసుకున్నావు కదా నాయనా?" అంది. కోపంగా కాదు, నా అదృష్టం చూసి సంతోషపడుతున్నట్టు అంది. "నాకు ఉంచలేదు. పద్నాలుగేళ్ళప్పుడు తీసేశారు" అంది. తలెత్తి చూశాను. ముక్కు కుట్టిన చోటు పూడుకుపోయి, నువ్వు గింజంత మచ్చ మిగిలి ఉంది.

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. హారం, వంకీలు, వడ్డాణం అన్నీ వదిలేసి మాధవి ముక్కరే ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. మొగుడున్న ఆడదానికి అది ఐదోతనం. దాన్ని ఇంకొకరి చేతిలో పెడుతున్నప్పుడు ఆమె చెయ్యి ఎంత వణకాలి! జడ విసిరి లోకాన్ని సవాలు చేసిన మనిషి, ఆయన తిరిగి రావడం కోసం తన మొహం మీది ఆ చిన్న నగని తీసి ఇస్తోంది. నేనేమో మేకప్ చెరుగుతుందని దాచుకున్నాను. ఆ రాత్రి రంగం మీద భామ లేదు బుజ్జీ. అందగాణ్ణని పేరు పడ్డ ఒక కుర్రాడు ఆమె నగలు పెట్టుకుని తిరిగాడు, అంతే.

ఆ తర్వాత పదకొండేళ్ళు భామ కట్టాను. ప్రతిసారీ ముక్కర తీశాను. ముక్కు మీద ఎర్రటి గుర్తు పడేది, దానితోనే మిగతా ఆట ఆడాను. మరుసటి శివరాత్రికి ఆ పల్లెకే వెళ్ళాం. ఆవిడ ఆట చూడటానికి రాలేదు. ఇంటికెళ్ళి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

టైము చాలకపోతే ప్రవేశ దరువు పాటలో ఒక చరణం తగ్గించుకోండి. లేఖ ఘట్టాన్ని కొంచెం కుదించుకున్నా పరవాలేదు, మా గురువుగారు నన్ను క్షమిస్తారు. జడ ఉంచి ముక్కర మాత్రం తీసేయకండి. జడ వేసి గర్వం చూపించి అక్కడితో ఆపేస్తే ఆవిడ పొగరుబోతు అనుకుని జనం ఇంటికి వెళ్తారు. మీ మాస్టారితో నేను మాట్లాడనా? వద్దంటే మాట్లాడను. నువ్వే మర్యాదగా అడుగు.

మీ అమ్మ మౌనం గురించి బెంగపెట్టుకోకు. నీ ఫ్రెండ్స్ ఏమంటారోనని దాని టెన్షన్. అననీ. నన్నూ అన్నారు, బజార్లో వెనకనుంచి అనరాని మాటలు అన్నారు. ఆడవేషాలు కట్టేవాడికి పిల్లని ఇచ్చేది లేదని ఒక సంబంధం వాళ్ళు మొహం మీదే చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, నీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ తర్వాత మీ అమ్మమ్మని చూడటానికి వెళ్తే, అంత పెద్ద జడ కట్టుకుని ఎలా తిరుగుతారో అడగమని తలుపు చాటునుంచి తమ్ముణ్ణి పంపింది. పెళ్ళయ్యాక నాకు జడ వేసింది ఆవిడే. ఒక్కసారి కూడా ఊడలేదు. నిన్ను కూడా ఎవరైనా ఏమైనా అంటే రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, ఒక్కడివే కూర్చోకు.

ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ వస్తుంది. అందులో నా జడ ఉంది. రెండు బిళ్ళలకి రేకు లేచిపోతే మొవ్వ ఊళ్ళో అతికించాను. ఇంకో చిన్న డబ్బీలో దూది మధ్య ముక్కర ఉంది. మైనం శుభ్రంగా గీకేసి, నొక్కు వదులు చేయించాను, ఒక్క వేలితో వస్తుంది. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని, తియ్యడం అలవాటు చేసుకో.

ఆ రోజు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చేస్తాం. జడ తనే వేస్తానని అమ్మమ్మ పట్టుబడుతోంది. వేళ్ళు సరిగా వంగడం లేదు, అయినా కాదనకు, కొంచెం ముందుగా కూర్చుంటే సరిపోతుంది. గ్రీన్ రూమ్‌లోకి ఆవిడని రానివ్వమని వాళ్ళకి చెప్పి ఉంచు. నేను మాత్రం వెనక వరసలో కూర్చుంటాను. ముందు కూర్చుంటే ఆ ఘట్టంలో నువ్వు నా మొహం చూస్తావు.

ఆశీస్సులతో,
తాతయ్య