ఫిబ్రవరి 13 పేజీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, రెండో ప్రపంచయుద్ధంలో బెంగాల్ నుంచి ఎగిరిన బ్రిటిష్ వైమానిక దళం 159వ స్క్వాడ్రన్ చరిత్ర రాస్తానంటున్నావట. "అక్కా, దాన్ని నువ్వే ఆపాలి" అన్నాడు. నేను ఆపను. కానీ తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత పాత కాగితాల వెంట పడేవాళ్లు ఎవరూ లేరనుకున్నాను. నా సంతోషమూ భయమూ రెండూ అందుకే.

నీకు తెలిసినవే అయినా ఒకసారి చెప్పేస్తాను. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 వరుసలో స్క్వాడ్రన్ రికార్డు పుస్తకాలుంటాయి. ఫారం 540లో రోజువారీ సంగతులు, ఫారం 541లో ఏ విమానం ఎప్పుడు లేచింది, ఎవరెవరు ఎక్కారు అన్నది ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఫొటో తీసిన ప్రతి పేజీకీ ఫైలు నంబరు అక్కడే రాసుకో. వేళకు తిను.

మలయాలోని (ఇప్పటి మలేషియా) పినాంగ్ సంగతి మాత్రం తీరిగ్గా రాయి. ఆ స్క్వాడ్రన్ అధికారి వింగ్ కమాండర్ జేమ్స్ బ్లాక్‌బర్న్, వాళ్లు నడిపిన నాలుగు ఇంజన్ల బాంబర్ విమానం లిబరేటర్ ఎంత బరువుతో ఎలా ఎగిరితే ఎంత పెట్రోలు తాగుతుందో పట్టుబట్టి లెక్క తేల్చాడు. 1944 అక్టోబరు 27న బెంగాల్ నుంచి 15 విమానాలను పినాంగ్ రేవుకు నడిపించాడు. రానూపోనూ దాదాపు 3,000 మైళ్లు. జపాన్, జర్మనీ జలాంతర్గాములు ఆగే ఆ రేవు నీళ్లలో మైన్లు (ఓడలను పేల్చే మందుపాతరలు) వదిలి అన్నీ వెనక్కి వచ్చాయి. అది చదివిన మర్నాడు నేను సిలబస్ పక్కన పెట్టి క్లాసులో పిల్లలకు అదే చెప్పాను.

స్టాన్లీ జేమ్స్ వుడ్‌బ్రిడ్జ్ కాగితాలు రాత్రిపూట చదవకు. ఆ స్క్వాడ్రన్‌లో వైర్‌లెస్ ఆపరేటర్. విమానం బర్మాలో కూలాక పట్టుబడ్డాడు. ఎంత హింసించినా సంకేతాల రహస్యం చెప్పలేదని 1945 ఫిబ్రవరి 7న చంపేశారు. చనిపోయాక బ్రిటిష్ వాళ్ల సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు. చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చిపోతే రెండు రోజులు అన్నం ముట్టలేదు నువ్వు. అవి పగలు చదువు, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు చదువు.

ఇక నేను ఎవరికీ చెప్పనిది ఒకటి చెప్తాను.

1984లో మలయా వలసల మీద పని చేస్తూ శ్రీకాకుళం వైపు ఒక ఊరికి వెళ్లాను. మలయా రబ్బరు తోటల నుంచి జపాన్ వాళ్లు యుద్ధకాలంలో సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకు వేసిన రైలుదారి పనికి తోలుకుపోతే బతికి తిరిగొచ్చిన తాత ఒకాయన అక్కడ ఉన్నాడు. ఆ దారిలో కాంచనబురి పెద్ద వంతెన దగ్గర పాకల్లో ఉండేవాడట. "శివరాత్రి వెళ్లి రెండు మూడు రోజులమ్మా, అన్నం వార్చే వేళ. విమానాలొచ్చాయి" అని మొదలుపెట్టాడు. నేను అప్పుడే ఎం.ఫిల్. చేస్తున్నాను, నాకంతా తెలుసన్న ధీమా. ఏ తేదీ అన్నాను. ఏ నెల అన్నాను. ఎన్ని ఇంజన్లు అన్నాను. "తలెత్తి లెక్కపెట్టే వేళా తల్లీ అది?" అన్నాడు. తర్వాత, "మా వాళ్లు ముగ్గురు పోయారు, పేర్లు చెప్తాను రాసుకో" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "అవి తర్వాత రాసుకుంటాను తాతా, ముందు తేదీ గుర్తు చేసుకో."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. మజ్జిగ ఇచ్చి పంపించారు. నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది: "తేదీ అస్పష్టం. వాడదగదు." మరుసటి ఏడాది వెళ్తే ఆయన లేడు. పేర్లు తెలిసినవాళ్లూ లేరు.

రిటైరయ్యాక ఒకరోజు తారణ నామ సంవత్సరపు పాత పంచాంగం చేతికొచ్చింది. 1945లో శివరాత్రి ఫిబ్రవరి రెండో వారంలో పడింది. ఆ వంతెనల మీద లిబరేటర్లు బాంబులు వేసిన పెద్ద దాడుల్లో ఒకటి ఫిబ్రవరి 13న. ఆయన తేదీ చెప్పాడు చిన్నీ. నాకు చదవడం రాలేదు.

ఆ వంతెనను కూల్చింది మేమంటే మేమని ఇంగ్లీషు స్క్వాడ్రన్లూ అమెరికా వాళ్లూ ఇప్పటికీ అంటారు. ఆ తగవులో తలదూర్చి నెలలు పాడుచేసుకోకు. ఆ రైలు పనిలో 12,000కు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. వాళ్లలో చాలామందికి పేరున్న రాళ్లున్నాయి. ఆసియా కూలీలు దాదాపు 90,000 మంది పోయి ఉంటారని అంచనా. అందులో మన తెలుగు వాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లతో రాయి ఎక్కడుంది? ఆ ముగ్గురి పేర్లు ఆ రోజు నేను రాసుకుని ఉంటే ఒక్క కాగితం మీదైనా ఉండేవి.

అందుకే తొందరపెడుతున్నాను. ఆ స్క్వాడ్రన్ విమానాలు ఎక్కినవాళ్ల పిల్లలకు ఈ వారమే ఫోన్ చెయ్యి. వాళ్లకీ వయసు మీద పడింది. వాళ్లు దేని దగ్గర మొదలుపెడితే అక్కడే మొదలుపెట్టనివ్వు, మధ్యలో అడ్డు తగలకు. రికార్డింగ్ రెండు చోట్ల దాచు.

స్క్వాడ్రన్ ఉన్న సల్బనీ, దిగ్రీ విమాన స్థావరాలు బెంగాల్‌లో అప్పటి మిడ్నాపూర్ జిల్లాలోవి. 1942 అక్టోబరులో అక్కడ తుఫాను, ఆ మరుసటి ఏడాది కరువు. కంచె లోపల రన్‌వే, కంచె బయట గంజి కోసం జనం. దాని గురించి ఫారం 540లో ఏముందో, ఏం లేదో రెండూ రాయి. ఈసారి ఇండియా వస్తే పెళ్లిళ్లు తిరిగి వెళ్లిపోకు. సామర్లకోటలో రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగుదాం, నేనూ వస్తాను. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

మొదటి రోజు ఆర్కైవ్స్‌కి వెళ్లినప్పుడు నాకోసం ఒక్క పని చేసిపెట్టు. 1945 ఫిబ్రవరి 13 పేజీ తీయించు. మీ స్క్వాడ్రన్ ఆ రోజు వెళ్లిందో లేదో చూడు. వెళ్లి ఉంటే బాంబులు ఎన్ని గంటలకు పడ్డాయో చూసి, ఇక్కడ అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యి. ఆయన అన్నం వార్చే వేళ అన్నాడు.

నీ అత్త