విమానం ఎక్కబోయే మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వీసా వచ్చింది, టికెట్టూ వచ్చింది, నువ్వు మాత్రం అన్నం సరిగా తినడం లేదట. "ఇమానమంటే బయపడతన్నాడు అన్నయ్యా, నువ్వే ఏటైనా చెప్పు" అంది. అహ్మదాబాద్‌లో విమానం కూలిన వీడియోలు పదేపదే చూస్తున్నావట కదా.

ముందు ఆ మాటే. 2025 జూన్ 12న జరిగింది నేనూ టీవీలో చూశాను. 242 మంది ఎక్కితే బతికింది ఒక్కడే. అలాంటిది ఇంకెప్పుడూ జరగదని నీకు అబద్ధం చెప్పను. కానీ లోకంలో రోజుకు లక్షకు పైగా విమానాలు ఎగిరి దిగుతున్నాయి. వాటిని ఎవరూ వీడియోలు తియ్యరు. నువ్వు బైకు మీద హైవే ఎక్కి పలాస వెళ్తుంటేనే నాకు ఎక్కువ టెన్షన్.

గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లు రిగ్గర్‌గా, అంటే క్రేన్లకి బరువులు కట్టి ఎత్తించే పని చేశాను. మొదటిసారి ఎక్కినప్పుడు నాకు చెప్పినవాడు లేడు. నేల వదలగానే కాళ్ల కింద దబ్బుమని చప్పుడు. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయంతే. ఇంకాసేపటికి ఇంజన్ మోత తగ్గింది, కడుపులో జారినట్టయింది. ఇంజన్ ఆగిపోయిందనుకుని పక్కనున్న మలయాళీ చెయ్యి పట్టేశాను. పాపం, లేచి నా వంక చూసి మళ్లీ పడుకున్నాడు. నేల మీంచి లేవడానికి కావలసినంత బలం ఆ తర్వాత అక్కర్లేదు, అందుకే తగ్గిస్తారు.

కుదుపులంటావా, మీ తాత తెప్ప ఒడ్డు కెరటాలు దాటేదాకా ఎలా ఎగిరిపడేదో గుర్తు తెచ్చుకో. గాలిలోనూ అలాంటి కెరటాలే. రెక్క కొసలు ఊగుతాయి, ఊగేలాగే చేశారు. ఎగిరేటప్పుడు రాగల అతి పెద్ద భారం లెక్కగట్టి, దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలని పరీక్షిస్తారు. బరువులెత్తే మన వైరు తాళ్లకి, అదే స్లింగులకి, ఐదు రెట్లు చూస్తాం కదా, వీళ్లకి ఒకటిన్నరేనా అని నాకూ అనిపించింది. మరీ మందంగా చేస్తే ఎగరదు. అందుకే ఇన్ని గంటలు ఎగిరాక ఇది విప్పి చూడాలి, ఇది మార్చాలి అని ప్రతిదానికీ లెక్క పెట్టారు. మన సైట్లో ఆ శ్రద్ధ ఎక్కడుంది?

ఒక ఇంజన్ ఆగినా రెండోదానితో పైకి లేవగలిగితేనే ఆ రకం విమానానికి అనుమతి ఇస్తారు. రెండూ ఆగినా రాయిలా పడదు. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767కి పౌండ్లూ కిలోలూ కలగాపులగమై, 41 వేల అడుగుల మీద ఎగురుతుండగా ఇంధనం అయిపోయింది. పైలట్లు దాన్ని గాలిలో జారించుకుంటూ తెచ్చి గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దించారు. 69 మందిలో ఒక్క ప్రాణం పోలేదు. ఎత్తు ఉంటే టైం ఉంటుంది. అహ్మదాబాద్‌లో ఆ ఎత్తే లేకపోయింది.

రెక్కల దగ్గర సీటు అడుగు, ఊపు తక్కువ. బెల్టు గుర్తు లైటు ఆర్పినా బెల్టు తియ్యకు, కుదుపుల్లో దెబ్బలు ఎక్కువగా తగిలేది బెల్టు లేనివాళ్లకే. దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడతాయి, పిప్పరమెంటు చప్పరించు. ధైర్యానికని ముందురాత్రి మందు ముట్టకు. నాకైతే తలనొప్పి తప్ప ధైర్యం రాలేదు.

మీ అమ్మ ఆవకాయ సీసా ఇస్తుంది. చేతి సంచిలో పెడితే చెకింగులో ఆపేస్తారు. గట్టిగా మూత బిగించి, కవర్లో చుట్టి పెద్ద బ్యాగులో వెయ్యి.

మీ మామయ్య